చేత్తో చేసిన రాత్రి

జూలైలో మా హామర్‌ఫెస్ట్‌కి
రాత్రి గడియారంలో మాత్రమే వస్తుంది.
పన్నెండు కొట్టినా సూర్యుడు సముద్రం అంచున
కదలనని మొండికేసి కూర్చుంటాడు.
ఆ వెలుతురులో తెల్లవార్లూ
(తెల్లవారడమంటూ ఉంటే కదా)
బంతాట ఆడి, తలనొప్పితో ఇంటికొచ్చాడు
మావాడు నీల్లాస్. పద్నాలుగేళ్ళు.

పడిశమే అనుకుని పాలు కాచాను.
మూడో పూటకి వాంతులు.
"అమ్మా, కిటికీ ఆర్పెయ్" అన్నాడు.
కిటికీని ఎవరైనా ఆర్పుతారా, దీపమా అది?
గడ్డం ఛాతీకి తాకించమంటే
మెడ ఎండుచేపలా బిర్రబిగిసి
వేలెడు దూరంలో ఆగిపోయింది.

సిన్నొవె డాక్టరమ్మ ఒళ్ళంతా మచ్చల కోసం వెతికింది.
పక్కకి తిప్పి, రొయ్యలా ముడుచుకోమంది.
"రొయ్యలంటే నాకు పడవు" అన్నాడు వాడు, అంత నొప్పిలోనూ.
నడుము దగ్గర సూది దిగింది.

ఇరవై రెండేళ్ళుగా చేపల ఫ్యాక్టరీలో
ఉప్పునీళ్ళ తొట్లు చూస్తున్నదాన్ని నేను.
నీళ్ళు మసకబారాయంటే సరుకు పోయినట్టే.
ఊపిరి బిగబట్టి ఆ సన్నటి గొట్టంలోకి చూశాను.
చుక్క.
చుక్క.
ఇంకో చుక్క,
మంచు కరిగిన వాగులా తేటగా.
"మంచి గుర్తే, కానీ ఇప్పుడే మాటివ్వలేను" అందామె.
పరీక్ష తేలేదాకా ఆగకుండా
చేతి నరంలోకి యాంటీబయాటిక్ ఎక్కించింది.
గుమ్మంలో ఉన్నది కుక్కో తోడేలో తెలియనప్పుడు
ముందు గడియ వెయ్యాలి కదా.

రాత్రి నర్సు ఫెవెన్‌ది ఎరిత్రియా.
వంటగదిలోంచి వెండి కాగితం చుట్ట తెచ్చి
కుర్చీ ఎక్కి, టేపు పళ్ళతో కొరుకుతూ
అద్దాలన్నీ మూసేసింది.
"మా అస్మరాలో రాత్రి దానంతటదే వస్తుంది.
ఇక్కడ చేత్తో చేసుకోవాలి" అంది.
ఒక మూల వెలుగు సూదిలా దూరుతుంటే
దానికీ ఓ ముక్క అతికించి దిగింది.

మర్నాడు మధ్యాహ్నం తేలింది. వైరస్.
వేసవిలో పిల్లల చేతుల మీదుగా ఊరంతా తిరిగేదట.
చాలామందికి పొట్టనొప్పితోనో, జలుబుతోనో పోతుందట.
ఎవరో ఒకరికి మాత్రం మెదడు పొర దాకా వెళ్తుందట.
యాంటీబయాటిక్ తీసేశారు.
"మరి దీనికి మందు?"
"లేదు."
ఒళ్ళు మండింది నాకు.
ఆ మాట నవ్వుతూ చెప్పే మాటా?
సిన్నొవె నా పక్కన కూర్చుంది.
"నొప్పికి మాత్ర, ఒంటికి నీళ్ళు, చీకటి, నిద్ర.
మిగతాది వాడి ఒళ్ళే చేసుకుంటుంది.
తొంభైపాళ్ళు వాడికి మంచే జరుగుతుంది.
మనం కనిపెట్టుకుని ఉందాం."

కనిపెట్టుకుని ఉండడమూ పనేనని నాకెవరు చెప్పారు?
చెంచా గిన్నెకి తగలకుండా కలపడం,
పిలిస్తే పలుకుతున్నాడో లేదో చూడడం,
చెప్పుల చప్పుడు అవుతుందని మేజోళ్ళతో నడవడం.
పది పెట్టెల చేపలు చీల్చినా అంత అలిసిపోను.

ఇంటికొచ్చాక చిన్నది సారాకి
సబ్బుతో చేతులు కడగడం కొత్తగా నేర్పాను.
అన్నయ్య సీసాలో నీళ్ళు తాగితే ఊరుకోనన్నాను.
వాడు మెట్ల మధ్యలో కూర్చుండిపోయేవాడు.
పేజీ తిప్పేసరికి మొదటి వాక్యం మరిచిపోయేవాడు.
తగ్గిపోయిందిగా, ఇంకా ఏమిటన్నారు బంధువులు.
వాళ్ళ నాన్న ఇస్సాత్, రోజుకి పది మాటలు మించని మనిషి,
వల సర్దుకుంటూనే అన్నాడు:
"గాలి ఆగినా పడవ కాసేపు ఊగుతుంది."

ఆగస్టు చివర అసలైన చీకటి వచ్చింది.
వెండి కాగితం మడిచి సొరుగులో పెట్టాను.
ఇప్పటికీ పొద్దున్నే
కాఫీ పొయ్యి మీద పెట్టకముందే అడుగుతాను,
"గడ్డం తాకించరా."
"అబ్బా, మళ్ళీనా" అంటూ
ఆవలిస్తూ, విసుక్కుంటూ
జాకెట్ జిప్పు దాకా తల వంచుతాడు.

తాకుతుంది.